పేరుకే డైరెక్టర్లు: బ్రిటన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

మీలో చాలామందికి నేను ముఖపరిచయమే. ఉగాదికీ బతుకమ్మకీ వచ్చి, నాటకం అయ్యేదాకా వెనక వరుసలో కూచుని, భోజనాల పిలుపు వినగానే అందరికంటే ముందుండే మనిషిని. వృత్తిరీత్యా సొలిసిటర్‌ని. అయితే వీసాలు, ఇళ్ల కొనుగోళ్లు చూసే సొలిసిటర్‌ని కాదు. ఆ సంగతి తెలియగానే నాతో మాట కలిపేవాళ్లు సగానికి సగం తగ్గిపోతారు. మునిగిపోయిన కంపెనీలు, వాటి డైరెక్టర్ల మీద పడే అనర్హత వేట్లు, నా పనల్లా ఇదే. మొదటి కొన్నేళ్లు ప్రభుత్వం తరఫున వేటు వేయించాను. తర్వాత ఇవతలి పక్కకు వచ్చి వేటు తప్పించడానికో తగ్గించడానికో పాటుపడుతున్నాను.

కిందటి ఉగాదికి పులిహోర వరుసలో నిలబడి ఉంటే ఒకావిడ వెనక నుంచి పలకరించింది. కరీంనగర్ వైపు యాస. “అన్నా, నువ్వు లాయరంట గదా. ఒక లెటర్ వచ్చింది, జర చూస్తవా?” అని ఫోన్ నా చేతిలో పెట్టింది. మొదటి పేరాలోనే విషయం తెలిసిపోయింది. కంపెనీ డైరెక్టర్ల అనర్హత చట్టం, 1986, సెక్షన్ 16. మీ మీద కోర్టుకు వెళ్లబోతున్నాం, పది రోజులు ముందుగా తెలియజేస్తున్నాం అని చెప్పే నోటీసు. తేదీ చూస్తే అప్పటికే మూడు వారాలు దాటింది.

“నేనేం జెయ్యలే అన్నా. మా ఆయన దోస్తు హోటల్ కంపెనీ అది. సంతకం ఒక్కటే పెట్టిన. పేరుకే డైరెక్టర్‌ను.”

ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆ చివరి మాట మాత్రం మార్చలేదు. పేరుకే డైరెక్టర్. ఈ మాటను నేను గుజరాతీలో విన్నాను, పంజాబీలో విన్నాను, అచ్చమైన లండన్ ఇంగ్లిషులోనూ విన్నాను. తెలుగులో విన్నన్నిసార్లు మరే భాషలోనూ వినలేదు. నా దగ్గరికి మనవాళ్లే ఎక్కువ వస్తారు కాబట్టి అలా అనిపిస్తుందేమో. ఏమైనా ఈ లేఖ ఆ ఒక్క మాట గురించే.

నరసరావుపేట దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు “ఐపీ” అంటే అదేదో జబ్బనుకునేవాణ్ని. పత్తి కొని రైతులకు డబ్బివ్వని వ్యాపారి ఐపీ పెట్టేవాడు. చీటీలు నడిపిన ఆవిడ ఐపీ పెట్టేది. ఆ కబురు వచ్చిన రోజు ఊళ్లో చావు కబురు వచ్చినట్టే ఉండేది. ఆ రెండక్షరాలు ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు పొట్టి రూపమనీ, దాని వెనక 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఉందనీ విశాఖపట్నంలో లా చదివేటప్పుడు గాని తెలియలేదు. పాలుపోసే ఆమె కూడా వాడుకునేంతగా ఒక చట్టాన్ని మనవాళ్లు సొంతం చేసుకున్నారు. ఆ మాటకు మనం మిగిల్చుకున్న అర్థం మాత్రం ఒకటే, ఎగ్గొట్టడం. దాని తోబుట్టువులు “బోర్డు తిప్పేయడం”, “చేతులెత్తేయడం”. ఈ అర్థాలన్నీ మూట గట్టుకుని మనం హీత్రూలో దిగుతాం.

ఇక్కడి చట్టం ఆలోచించే తీరు వేరు. సర్ కెన్నెత్ కార్క్ నాయకత్వంలోని కమిటీ 1982లో ఇచ్చిన నివేదిక తర్వాత 1986లో దివాలా చట్టం, డైరెక్టర్ల అనర్హత చట్టం జంటగా వచ్చాయి. కంపెనీ మునగడం తప్పు కాదంటుంది మొదటిది. వ్యాపారమన్నాక మునుగుతుంది. లిమిటెడ్ అన్న మాట పుట్టిందే అందుకు. మునిగేముందు నువ్వేం చేశావు అని అడుగుతుంది రెండోది. దానికి సరైన జవాబు లేకపోతే రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా కంపెనీ పెట్టడానికి, నడపడానికి, తెర వెనక నుంచి నడిపించడానికి కూడా వీల్లేదు. నిషేధాన్ని మీరితే రెండేళ్ల దాకా జైలు. ఆ మీరిన కాలంలో కంపెనీ చేసిన అప్పులు సొంత నెత్తిమీదికి.

నేను ఇందులోకి వచ్చింది ప్రేమకొద్దీ కాదు. 2003లో లండన్ వచ్చాను. మన దేశపు అడ్వొకేట్లు ఇక్కడ సొలిసిటర్ కావడానికి అప్పట్లో క్యూఎల్‌టీటీ అనే బదిలీ పరీక్ష ఉండేది. పరీక్ష పాసయ్యాక ఒక ఫర్మ్‌లో దివాలా విభాగంలో ఖాళీ ఉందన్నారు. మిగతావాళ్లెవరూ అటు రాలేదు కాబట్టి నాకు దక్కింది. 2008లో బ్యాంకులు కూలాక పక్క గదుల్లో ఇళ్ల లావాదేవీలు చూసేవాళ్లు ఒక్కొక్కరే అట్టపెట్టెలు సర్దుకుని వెళ్లిపోతుంటే, మా గదిలో రాత్రి పదింటికి కూడా దీపాలు ఆరేవి కావు. అమ్మతో ఫోన్‌లో ఆ మాటే చెబితే “ఎవరో మునిగితే నీకు పనా నాయనా?” అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు.

బుధవారాల్లో ఫెటర్ లేన్‌లోని రోల్స్ బిల్డింగ్‌కి ఒకసారి వెళ్లి చూడండి. మూసివేత పిటిషన్లు వినే రోజు అది. జాబితాలో పదుల కొద్దీ కంపెనీల పేర్లుంటాయి. పిటిషన్ వేసింది చాలావాటిలో పన్నుల శాఖే, అంటే హెచ్‌ఎంఆర్‌సీ. కంపెనీ తరఫున ఎవరూ రారు. బారిస్టర్ లేచి “యూజువల్ కంపల్సరీ ఆర్డర్” అంటాడు. జడ్జి సరే అంటారు. మన పెళ్లిళ్లలో పురోహితుడు ఒక మంత్రం మింగేసినంత సేపు కూడా పట్టదు, ఒక కంపెనీ చచ్చిపోతుంది. తర్వాత లిక్విడేటరో అఫీషియల్ రిసీవరో పుస్తకాలు చేతికి తీసుకుంటారు. ప్రతి డైరెక్టరు నడవడిక మీదా ప్రభుత్వ ఇన్సాల్వెన్సీ సర్వీస్‌కి రిపోర్టు వెళ్తుంది. ప్రతి డైరెక్టరు అంటే కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ రికార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ. ఆ రికార్డులో “పేరుకే” అనే గడి లేదు.

ప్రభుత్వం తరఫున పనిచేసిన రోజుల్లో నా తిండీ నిద్రా బ్యాంకు స్టేట్‌మెంట్లే. కంపెనీ చావు అందులో నెలల ముందే కనిపిస్తుంది. మొదట వ్యాట్ ఆగుతుంది. తర్వాత సిబ్బంది జీతాల్లోంచి పట్టుకున్న పన్ను కట్టడం మానేస్తారు. ఆ తర్వాత పెన్షన్ డబ్బు. ఉల్లిపాయలు వేసేవాడికి మాత్రం వారం వారం అందుతూనే ఉంటుంది, లేకపోతే వాడు మర్నాడు సరుకు దింపడు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, హైదరాబాద్‌కి పంపిన డబ్బు కూడా ఆ ఖాతాలోంచే. 1990లో అప్పీలు కోర్టు సెవెనోక్స్ స్టేషనర్స్ కేసులో ఈ విషయమే తేల్చింది. పన్ను కట్టకపోవడమొక్కటే అనర్హత కాదు. గట్టిగా అడిగేవాడికి కట్టి, అడగనివాణ్ని ఆపి, ఆ ఆపిన సొమ్ముతో బండి లాగించడం తప్పు. ఆ కేసులో ఉన్నది సామాన్యుడు కాదు, చార్టర్డ్ అకౌంటెంటే. అయిదు కంపెనీలు మునిగాయి. కింది కోర్టు ఏడేళ్లు వేస్తే పై కోర్టు అయిదుకు తగ్గించింది. రెండు నుంచి అయిదేళ్లు, ఆరు నుంచి పదేళ్లు, పదకొండు నుంచి పదిహేనేళ్లు అని నేటికీ మేం వాడే మూడు మెట్లు అక్కడే ఖాయమయ్యాయి.

ఈ లెక్కలో పేరుకే డైరెక్టర్ ఎక్కడ నిలబడతారు? అక్కడే, అసలు డైరెక్టర్ పక్కనే. గోల్ఫ్ మైదానాలు కట్టే ఒక భార్యాభర్తల కంపెనీ కేసు ఉంది, బ్రయాన్ డి పియర్సన్ కాంట్రాక్టర్స్. మునుగుతోందని తెలిసీ వ్యాపారం సాగించినందుకు భర్తతో పాటు భార్య కూడా బాధ్యురాలే అంది కోర్టు. వ్యవహారమంతా భర్తే చూసుకునేవాడన్నది నిజమే కావచ్చు, డైరెక్టర్ పదవికి కనీస బాధ్యతలు కొన్ని ఉంటాయి, అవి భర్తకు వదిలేస్తే తీరేవి కావు అని దాని సారాంశం. బేరింగ్స్ బ్యాంకు కేసులో ఇదే సూత్రం పెద్ద ఎత్తున నిలిచింది. 1995లో సింగపూర్‌లో ఒక ట్రేడర్ 82 కోట్ల 70 లక్షల పౌండ్లు ముంచితే లండన్‌లో కూచున్న డైరెక్టర్లు మాకేం తెలుసన్నారు. పని అప్పగించవచ్చు గాని కన్నేసి ఉంచే బాధ్యత అప్పగించలేరు అన్నారు జడ్జి. మనకు తెలియదనడం ఈ చట్టంలో జవాబు కాదు, చాలాసార్లు అదే అసలు ఆరోపణ.

ఇక మన ఐటీ కాంట్రాక్టర్ల సంగతి. “లిమిటెడ్ పెట్టావా?” అన్నది మనవాళ్ల మధ్య “ఇల్లు కొన్నావా?” అంత మామూలు ప్రశ్న. పెట్టగానే భార్యను కూడా డైరెక్టర్‌గా చేర్చేస్తారు. డివిడెండ్ ఇద్దరికీ పంచితే పన్ను తగ్గుతుంది గదా అంటారు. ఈ ధైర్యానికి మూలం ఆర్కిటిక్ సిస్టమ్స్ కేసు. భర్త ఐటీ కన్సల్టెంట్, భార్యకు సగం వాటా. 2007లో హౌస్ ఆఫ్ లార్డ్స్ పన్నుల శాఖను ఓడించింది. ఆ తీర్పు పేరు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో భార్య డైరెక్టర్ కాదన్న సంగతి చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ఆమె వాటాదారు, కంపెనీ సెక్రటరీ. డైరెక్టర్ భర్త ఒక్కడే. డివిడెండ్‌కి వాటా చాలు, డైరెక్టర్ పదవి అక్కర్లేదు. ఫారం నింపే అకౌంటెంట్‌కి రెండు పేర్లు రాయడం అలవాటు, అంతే. అరనిమిషం అలవాటుకి ఒక ఇల్లాలి మీద చట్టం బరువంతా పెడుతున్నాం. ఇంటికి వెళ్లి మీ కంపెనీ రికార్డు ఒకసారి తెరిచి చూసుకోండి. అనవసరంగా ఉన్న పేరుంటే కంపెనీ బాగున్నప్పుడే రాజీనామా ఇప్పించండి. మునిగాక ఇచ్చిన రాజీనామాలు చేతులు కాలాక పట్టుకున్న ఆకులే.

డివిడెండ్ గురించి కూడా ఒక్క మాట. లాభం లేకుండా తీసుకున్నది డివిడెండ్ కాదు, కంపెనీకి మీరు పడ్డ బాకీ. నెలనెలా ఖాతాలోంచి లాగేసి ఏడాది చివర అకౌంటెంట్ సర్దేస్తాడని వదిలేస్తే, ఆ ఏడాది చివర లిక్విడేటర్ వచ్చినప్పుడు అదంతా డైరెక్టర్ లోన్ అకౌంట్ అనే పేరుతో మీ ఇంటి తలుపు తడుతుంది. లిమిటెడ్ కంపెనీ అప్పుకి ఇల్లు ఎలా పోయింది సార్ అని అడిగేవాళ్లలో ఎక్కువ మంది కథ ఇదే.

2020 సంగతి మీకు గుర్తుంటుంది, మీ వాట్సాప్ గ్రూపులే సాక్ష్యం. మే 4న బౌన్స్ బ్యాక్ లోన్లు మొదలయ్యాయి. గరిష్ఠంగా 50 వేల పౌండ్లు. సొంత హామీ లేదు, మొదటి ఏడాది వాయిదా లేదు, బ్యాంకుకు ప్రభుత్వం నూటికి నూరు పాళ్లూ గ్యారంటీ. టర్నోవర్‌లో నాలుగో వంతు మించకూడదన్నది ముఖ్యమైన షరతు. అంటే పూర్తి మొత్తం కావాలంటే రెండు లక్షల టర్నోవర్ ఉండాలి. ఆ అంకె ఎవరూ సరిచూడలేదు, దరఖాస్తులో మనమే రాసుకోవడం. అరవై వేల టర్నోవర్ ఉన్న కాంట్రాక్టరు గడిలో రెండు లక్షలని కొట్టాడు. మూడో రోజుకి డబ్బు పడింది. నాలుగో రోజుకి షాద్‌నగర్ వైపు ప్లాటుకి బయానా వెళ్లింది. కరోనాలో హోటల్ మూతబడితే వంటవాళ్ల జీతాలకు వాడిన నిజాయితీపరులు వందల్లో ఉన్నారు, వాళ్ల గురించి నేనేమీ అనడం లేదు. ఆ ప్లాటు వాళ్ల గురించే అంటున్నాను. తర్వాత వాళ్లు కంపెనీని లిక్విడేషన్‌కి పంపలేదు. కొద్ది పౌండ్ల ఫీజు కట్టి రిజిస్టర్‌లోంచి పేరు కొట్టేయించుకున్నారు. కంపెనీయే లేదు, ఇక ఎవరిని అడుగుతారు అన్నది ధీమా. 2021 డిసెంబరులో పార్లమెంటు ఆ కంత పూడ్చింది. రద్దయిపోయిన కంపెనీల డైరెక్టర్లను కూడా విచారించవచ్చు, అదీ వెనకటి తేదీలకు కూడా వర్తించేలా. అక్కడి నుంచి నా ఫోన్ మోగడం ఆగలేదు. ఆ డబ్బు బ్యాంకుకు తిరిగి కట్టినా, అబద్ధం చెప్పి తీసుకున్న తప్పు అలాగే ఉంటుంది. కట్టడం వల్ల ఏళ్లు తగ్గవచ్చు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వేటు వేయించే పక్కనుంచి ఇవతలికి వచ్చిన కొత్తలో ఒక కుర్రవాడు వచ్చాడు. మామయ్య కంపెనీలో పేరు పెట్టారు. కోర్టుకు వెళ్లి ఓడితే ప్రభుత్వం ఖర్చులు కూడా కట్టాలి, అది వేల పౌండ్లు. 2001 నుంచి ఇంకో దారి ఉంది. కోర్టు గడప తొక్కకుండా ఇన్నేళ్లు డైరెక్టర్‌గా ఉండను అని అండర్‌టేకింగ్ రాసిచ్చేయవచ్చు. మూడేళ్లకు ఒప్పిస్తాను, సంతకం పెట్టేయి అన్నాను. పెట్టాడు. నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు. తప్పుడు లెక్కలు సంతకం కోసం నీ ముందు పెట్టినప్పుడు నువ్వు అభ్యంతరం చెప్పావా? చెప్పాడట. మామయ్యకు మెయిల్ కూడా రాశాడట. ఏడాది తర్వాత వేరే మాటల్లో ఆ సంగతి బయటపడింది. ఆ మెయిల్ ఒక్కటి ముందు చూసి ఉంటే కేసు నిలిచేది కాదేమో. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న మారింది. నువ్వేం చేశావు అని కాదు, నువ్వేం అడిగావు, ఎక్కడ రాసి పెట్టావు అని.

ఇప్పుడు నేరుగా మీ దగ్గరికి వస్తున్నాను. మీరూ డైరెక్టర్లే. మీ సంఘాల్లో చాలావాటిని గ్యారంటీ లిమిటెడ్ కంపెనీగానో చారిటీగానో, లేదా రెండూ కలిపో రిజిస్టర్ చేసుకున్నారు. మొహమాటానికి ఒప్పుకున్న జాయింట్ సెక్రటరీ, కూచిపూడి కార్యక్రమం చూసుకునే ఆవిడ, వీళ్లంతా రికార్డులో డైరెక్టర్లో ట్రస్టీలో. కిడ్స్ కంపెనీ అనే పిల్లల చారిటీ 2015 ఆగస్టులో కుప్పకూలితే జీతం తీసుకోని ట్రస్టీల మీద కూడా అనర్హత కేసు వేశారు. 2021 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది, మంచి మనసుతో సేవ చేసేవాళ్లను ఇలాంటి కేసులు బెదరగొడతాయని కూడా అంది. గెలిచారు, నిజమే. గెలవడానికి అయిదున్నరేళ్లు పట్టింది. ఇంకో సంగతి, అనర్హత వేటు పడిన మనిషి చారిటీ ట్రస్టీగా ఉండటానికి వీల్లేదు. కార్యవర్గంలోకి తీసుకునేటప్పుడు అనర్హుల రిజిస్టర్ చూసే సంఘం మనలో ఎన్ని ఉన్నాయో మీకే తెలియాలి. అది ఉచితం, అందరికీ తెరిచే ఉంటుంది.

ఈ చట్టం అందరి మీదా ఒకేలా పడుతుందని నేను చెప్పను. కారిలియన్ అనే నిర్మాణ కంపెనీ 2018 జనవరిలో కొండంత అప్పుతో కూలింది. ఎనిమిది మంది డైరెక్టర్ల మీద కేసు పెట్టారు. ముగ్గురు ఎగ్జిక్యూటివ్‌లు ఎనిమిదేళ్ల నుంచి పన్నెండున్నరేళ్ల దాకా అండర్‌టేకింగ్‌లు ఇచ్చారు. బోర్డు మీటింగులకు వచ్చి వెళ్లే అయిదుగురు నాన్ ఎగ్జిక్యూటివ్‌ల మీద కేసును మాత్రం 2023 అక్టోబరులో, ఇక విచారణ మొదలవుతుందనగా, వెనక్కి తీసుకున్నారు. వాళ్లు తప్పు చేశారని నేను అనడం లేదు. వాళ్లకు చివరిదాకా నిలబడే స్తోమత ఉంది. పులిహోర వరుసలో నిలబడిన ఆవిడకు లేదు. పెద్ద చేప కోసం చివరిదాకా వల పట్టుకునే ఓపిక ప్రభుత్వానికి లేదు, చిన్న చేపకు పోరాడే డబ్బు లేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత నా అభిప్రాయం ఇది, మా వృత్తిలో కొందరు ఒప్పుకోరు.

మన దేశంలో ఇంతకంటే బాగుందా అంటే, అక్కడిది ఇంకో కథ. 2017 సెప్టెంబరులో కేంద్రం మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను ఒక్క ఊపున అనర్హులను చేసింది. కారణం మోసం కాదు, మూడేళ్ల పాటు వార్షిక పత్రాలు దాఖలు చేయకపోవడం. ఆ జాబితాలో మన ఇళ్ల అమ్మలూ అత్తలూ బావమరుదులూ ఎంతమందో. ఆ కంపెనీల్లో తమ పేరుందన్న సంగతే మర్చిపోయినవాళ్లు. తెలంగాణ హైకోర్టు 2019 జులైలో ఆ వేటును తప్పుపట్టింది. అక్కడైనా ఇక్కడైనా రోగం ఒకటే. సంతకాన్ని మనం మర్యాద కింద లెక్కేస్తాం. చుట్టం అడిగితే కాదనకూడదు.

అందుకే ఆ హోటల్ దోస్తు ఆమెను అడిగాడు, ఆమె కాదనలేదు. అతను తన పేరే ఎందుకు పెట్టుకోలేదని నేను అడిగినప్పుడు గాని ఆమెకు ఆ ప్రశ్న తట్టలేదు. అతను అప్పటికే సొంతంగా దివాలా తీసి, ఇంకా డిశ్చార్జి కాని మనిషి. అలాంటివాడు కోర్టు అనుమతి లేకుండా డైరెక్టర్‌గా ఉండకూడదు. కాబట్టి అతనికి ఒక పేరు కావాలి. ఒక పేరు, ఒక అడ్రసు, అప్పట్లో పన్నెండు పౌండ్ల ఫీజు. ఒక బిర్యానీ పొట్లం ధరకి ఆమె డైరెక్టర్ అయిపోయింది. 2024 మేలో ఆ ఫీజు యాభైకి పెరిగింది, 2025 నవంబరు 18 నుంచి డైరెక్టర్ల గుర్తింపు తనిఖీ తప్పనిసరి చేశారు. దొంగ పేర్లు దీంతో తగ్గుతాయి. మొహమాటానికి ఇచ్చిన నిజమైన పేర్లు తగ్గవు, అవి తనిఖీలో నెగ్గుతాయి.

స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లల్ని ఇందులోకి లాగడం ఇప్పుడు కొత్తగా చూస్తున్నాను. రెస్టారెంట్‌లో పని ఇచ్చి, “తమ్ముడూ, ఇక్కడొక సంతకం” అంటారు. ఆ వీసాలో వ్యాపారం చేయడానికి అనుమతే లేదు. కంపెనీ మునగాల్సిన పని కూడా లేదు, ఆ సంతకంతోనే వాడి చదువూ వీసా చిక్కులో పడతాయి.

ఆమె విషయం ఎలా ముగిసిందంటే, వ్యాట్ బాకీ లక్ష పౌండ్లు దాటింది, లెక్కల పుస్తకాలు దొరకలేదు. నాలుగేళ్లకు అండర్‌టేకింగ్ ఇచ్చింది. పిల్లల బడిలో పేరెంట్ గవర్నర్‌గా ఎన్నికైంది, ఆ పదవికి కూడా ఇదే నియమం అడ్డొచ్చి వదులుకుంది. ఆ దోస్తు ఫోన్ ఎత్తడం లేదు. ఆమె భర్త పార్టీలకు కూడా పోవడం మానేశాడు.

నేను అడిగేది అరగంట. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య ఇవ్వండి, అప్పుడైతే జనం లేచిపోరు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదివే సమయం కూడా అదే. మైకు నాకే ఇవ్వనక్కర్లేదు, ఈ పని తెలిసిన తెలుగు సొలిసిటర్లూ అకౌంటెంట్లూ మీ సభ్యుల్లోనే ఉన్నారు. ఎవరూ ఫీజు అడగరు. చెప్పాల్సినవి కూడా ఎక్కువ లేవు. కంపెనీస్ హౌస్ సైట్‌లో మీ పేరు మీరే వెతుక్కోండి. తెలియని కంపెనీ కనబడితే ఆ వారంలోనే ఎవరినైనా కలవండి. కవరు మీద ఇన్సాల్వెన్సీ సర్వీస్ అని ఉంటే విప్పి చదవండి, ఫ్రిజ్ మీద పెట్టకండి. “సంతకం ఒక్కటే” అని ఎవరైనా అంటే, మీ పేరే ఎందుకు పెట్టుకోలేదని అడగండి.

కార్యక్రమాల పట్టికలు మీరు ఫిబ్రవరిలోనే ఖరారు చేస్తారని తెలుసు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకడు,
లండన్